ప్లాస్టిక్కు - మన పాత్ర

పాఠ్యాంశ ఉద్దేశం

ప్లాస్టిక్కు వలన నేలకు, నీటికి, పశుపక్ష్యాదులకు కలిగే కీడును గురించి కింది తరగతులలో చదువుకొన్నాం. అదే ప్లాస్టిక్కు దానిని వాడుతున్న మనిషి దేహంలోనికి ఏయే మార్గాలలో ప్రవేశిస్తుందో, ఆ ప్రవేశాన్ని నిత్యజీవితంలో ఎంతవరకు తగ్గించుకోవచ్చునో శాస్త్రజ్ఞుల పరిశోధనల ఆధారంగా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఒక జాతి నాగరికతను తెలిసికొనడానికి చరిత్రకారులు వెదికే ఆధారాలలో ఆ జాతి వాడిన పాత్రలు ముఖ్యమైనవి. తవ్వకాలలో లభించిన మట్టిపెంకుల రంగును, పనితనాన్ని బట్టి వాటి కాలాన్ని అంచనా వేస్తారు. మట్టికుండ, రాతిచిప్ప, కంచు గిన్నె, ఇత్తడి బిందె, స్టీలు డబ్బా - ఇవి మన వంటింటి చరిత్రలో వరుసగా కనిపించే అధ్యాయాలు. రాబోయే తరాలవారు మన కాలపు నేలను తవ్వి చూస్తే వారికి అడుగడుగునా లభించేది ప్లాస్టిక్కే. లియో బేక్లాండ్ అనే శాస్త్రజ్ఞుడు 1907లో బేకలైట్‌ను రూపొందించడంతో పూర్తిగా కృత్రిమమైన ప్లాస్టిక్కుల యుగం ప్రారంభమైంది. 1933లో ఇంగ్లండులోని ఒక పరిశోధనాలయంలో అనుకోకుండా పాలిథీన్ బయటపడింది. తూకానికి తేలిక, ధరకు చవక, కింద పడినా పగలదు అన్న మూడు గుణాలతో ప్లాస్టిక్కు ఒక్క శతాబ్దంలోనే లోకాన్ని ఆక్రమించింది.

ప్లాస్టిక్కు చేసిన మేలును కాదనలేం. రక్తాన్ని నిల్వ చేసే సంచి, రోగికి ద్రవాలను ఎక్కించే గొట్టం, ఒకసారి వాడి పారవేసే సిరంజి - ఇవన్నీ ప్రాణాలను కాపాడుతున్న ప్లాస్టిక్కు వస్తువులే. కనుక ఈ పాఠం ప్లాస్టిక్కును పూర్తిగా బహిష్కరించమని బోధించదు. ఏ వస్తువు ఎక్కడ అవసరమో, ఎక్కడ అనవసరమో, ఎక్కడ అపాయకరమో విచక్షణతో తెలిసికొనమని మాత్రమే కోరుతుంది.

ఈ విచక్షణకు ముందుగా ప్లాస్టిక్కు నిర్మాణాన్ని కొంత తెలిసికోవాలి. చిన్న చిన్న అణువులు వేల సంఖ్యలో ఒకదానితో ఒకటి ముడిపడి పొడవైన గొలుసులుగా ఏర్పడితే ప్లాస్టిక్కు అవుతుంది. కానీ వట్టి గొలుసులతో వ్యాపారానికి పనికివచ్చే వస్తువు తయారుకాదు. మెత్తదనానికి ఒక ద్రవ్యం, రంగుకు మరొకటి, ఎండకు పెళుసెక్కకుండా ఇంకొకటి కలుపుతారు. దండలో గుచ్చిన పూలు సులభంగా జారిపోవు. ఆ దండ మీద చల్లిన నీరు మాత్రం నిలవదు. ఈ అదనపు ద్రవ్యాలలో అనేకం పూలమీది నీటివంటివే. ప్లాస్టిక్కు గొలుసుతో వాటికి గట్టి బంధం లేదు గనుక అవి క్రమంగా బయటకు జారుతాయి. పాలివినైల్ క్లోరైడును, అంటే పి.వి.సి.ని, మెత్తపరచడానికి కలిపే థాలేట్లు అటువంటివి. గొలుసు కట్టడంలో మిగిలిపోయిన మూలాణువులు, గొలుసు తెగినప్పుడు విడివడిన మూలాణువులు కూడా ఇలాగే బయటపడతాయి. పాలికార్బనేట్ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్కుకు, ఆహారపు డబ్బాల లోపలి పూతగా వాడే ఎపాక్సీకి మూలద్రవ్యమైన బిస్ఫినాల్-ఎ ఈ రెండవ కోవకు చెందింది.

ఈ ద్రవ్యాలు బయటకు రావడాన్ని త్వరపరచే కారణాలు నాలుగు: వేడి, నూనె, పులుపు, అరుగుదల. వేడి తగిలినప్పుడు అణువుల కదలిక హెచ్చుతుంది. థాలేట్ల వంటివి నీటిలోకంటె నూనెలో సులభంగా కరుగుతాయి. పులుపు, ఉప్పు, ఘాటైన సబ్బు కొన్ని రకాల ప్లాస్టిక్కు ఉపరితలాన్ని బలహీనపరుస్తాయి. గీతలు పడిన పాత డబ్బా కొత్తదానికంటె ఎక్కువగా రాలుతుంది. కాలం ఈ నాలుగింటికీ తోడ్పడుతుంది. ఎంతసేపు నిల్వ ఉంటే అంత ఎక్కువగా ద్రవ్యాలు ఆహారంలోనికి చేరుతాయి. ఇప్పుడు మన పట్టణాలలోని కర్రీ పాయింటును ఒక్కసారి తలచుకొందాం. పొయ్యిమీదినుంచి దించిన పులుసును, తాలింపు నూనె తేలుతున్న కూరను పలుచని ప్లాస్టిక్ సంచిలో పోసి ముడివేసి ఇస్తారు. వేడి, నూనె, పులుపు మూడూ అక్కడ ఒక్కచోట చేరుతున్నాయి. ఈ నాలుగు కారణాలను గుర్తుంచుకొన్న విద్యార్థికి ఏ వస్తువు విషయంలో జాగ్రత్తపడాలో ఇతరులు చెప్పనక్కరలేదు.

ఇంతకూ ఈ ద్రవ్యాల వలన కలిగే హాని ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం చాలా పాతది. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ చార్లెస్ డాడ్స్ కృత్రిమ స్త్రీ హార్మోనుకోసం అన్వేషిస్తూ, ఈస్ట్రోజన్‌ను పోలిన గుణం బిస్ఫినాల్-ఎకు ఉన్నదని 1936లో వెల్లడించాడు. అంతకంటె బలమైన రసాయనాలు లభించినందున అది ఔషధంగా రాణించలేదు. 1950వ దశకంలో పాలికార్బనేట్ వెలువడిన తరువాత అదే పదార్థం పాత్రలకు, నీటి సీసాలకు, చివరికి పసిపిల్లల పాలసీసాలకు ముడిసరుకైంది. హార్మోను లక్షణాలు కలదని తెలిసిన ద్రవ్యం వంటింటిలోనికి ప్రవేశించింది.

హార్మోన్లు రక్తంలో అత్యల్ప పరిమాణంలో ఉంటూనే దేహాన్ని శాసిస్తాయి. పెరుగుదల, యౌవన వికాసం, సంతానశక్తి, జీర్ణమైన ఆహారాన్ని వినియోగించుకొనడం - ఇవన్నీ వాటి ఆజ్ఞకు లోబడి జరుగుతాయి. బయటినుంచి వచ్చిన ఒక రసాయనం హార్మోను వేషం ధరించి కణాలకు తప్పుడు సందేశాలను అందిస్తే ఆ క్రమం చెడుతుంది. ఇటువంటి వాటిని వినాళ గ్రంథుల వ్యవస్థను భంగపరచే రసాయనాలని అంటారు. గర్భస్థ శిశువుకు, పసిపిల్లలకు, ఎదుగుతున్న బాలబాలికలకు వీటివలన కలిగే అపాయం పెద్దలకంటె అధికం.

ఈ అపాయాన్ని శాస్త్రలోకం గుర్తించిన తీరు విచిత్రమైనది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఆనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్ రొమ్ము క్యాన్సరు కణాలపై ప్రయోగాలు చేస్తున్నారు. హార్మోను అందించకపోయినా ఆ కణాలు వృద్ధి చెందసాగాయి. కారణాన్ని వెదకగా, ప్రయోగానికి వాడిన ప్లాస్టిక్ గొట్టాలనుంచి నోనైల్‌ఫినాల్ అనే పదార్థం బయటపడుతున్నదని తేలింది. ఈ విషయాన్ని వారు 1991లో ప్రకటించారు. 1998లో మరొక అమెరికన్ శాస్త్రజ్ఞురాలు పెట్రీషియా హంట్ తన ప్రయోగశాలలోని ఆడ ఎలుకల అండకణాలలో హఠాత్తుగా లోపాలు పెరగడాన్ని గమనించింది. పాలికార్బనేట్ బోనులను పొరపాటున నేల తుడిచే ఘాటైన ద్రవంతో కడిగారు. ఆ ద్రవానికి ప్లాస్టిక్కు దెబ్బతిని బిస్ఫినాల్-ఎ వెలువడి ఎలుకలను చేరింది. ఈ పరిశోధన 2003లో వెలువడింది. ముగ్గురి అనుభవమూ ఒక్కటే: ప్లాస్టిక్కును వారు పరీక్షించలేదు, నమ్మి వాడుకొన్నారు. మనం కూడా అలాగే నమ్మి వాడుకొంటున్నాం.

ఇవి ఎలుకలకు, కణాలకు సంబంధించిన సంగతులు గదా అనిపించవచ్చు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2003-04లో ఆరు సంవత్సరాలు పైబడిన 2,517 మంది మూత్ర నమూనాలను పరీక్షించగా దాదాపు 93 శాతం మందిలో బిస్ఫినాల్-ఎ కనిపించింది. కనిపించినంత మాత్రాన అందరికీ వ్యాధి వచ్చినట్లు కాదు. ఎంత మోతాదు వరకు నిరపాయకరమన్న విషయంలో నిపుణులలో భిన్నాభిప్రాయాలున్నాయి. అయినా యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో తన అంచనాను సవరించి, అనుమతించదగిన రోజువారీ మోతాదును అంతకు ముందున్నదానిలో ఇరవైవేలవ వంతుకు తగ్గించింది. జ్ఞానం పెరిగినకొద్దీ జాగ్రత్త కూడా పెరుగుతున్నదనడానికి ఇది నిదర్శనం.

రసాయనాలతోపాటు ప్లాస్టిక్కు సూక్ష్మకణాలను గురించి కూడా ఇటీవల విస్తృతంగా పరిశోధనలు జరుగుతున్నాయి. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు టీ దుకాణాలలో వాడే కాగితపు కప్పులను పరీక్షించారు. కప్పు కాగితానిదే అయినా ద్రవం కారకుండా లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో 100 మిల్లీలీటర్ల వేడి నీటిని 15 నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మకణాలు నీటిలో చేరుతున్నాయని వారు లెక్కించారు. సీసాలలో అమ్మే నీటిలో లీటరుకు సగటున రెండు లక్షల నలభైవేల కణాలున్నాయని, వాటిలో అధికభాగం అతిసూక్ష్మమైనవని అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించారు. అదే సంవత్సరం ఇటలీ వైద్యులు మెడలోని రక్తనాళాలలో పేరుకొన్న కొవ్వును పరీక్షించారు. అందులో ప్లాస్టిక్కు కణాలున్న రోగులకు గుండెపోటు, పక్షవాతం, మరణం సంభవించే అవకాశం ఆ కణాలు లేనివారికంటె ఎక్కువగా ఉన్నట్లు గమనించారు. ఈ రెండింటి మధ్య సంబంధం కనిపించింది; కార్యకారణ భావం ఇంకా నిరూపణ కావలసి ఉన్నది. ఈ భేదాన్ని గుర్తించడం విద్యావంతుని లక్షణం.

ఇంతవరకు చదివినవారికి నిరాశ కలగడం సహజం. గాలిలో, నీటిలో, అన్నంలో వ్యాపించిన దానినుంచి తప్పించుకొనడం సాధ్యమా అన్న సందేహం పుడుతుంది. పూర్తిగా తప్పించుకొనడం సాధ్యం కాదు. గణనీయంగా తగ్గించుకొనడం మాత్రం సాధ్యమే. అందుకు దేహధర్మమే సహకరిస్తుంది. బిస్ఫినాల్-ఎ, థాలేట్లు డి.డి.టి. వలె దేహంలో ఏళ్ళ తరబడి నిలిచిపోవు. వాటిలో ఎక్కువ భాగం ఒకటి రెండు రోజులలో మూత్రం ద్వారా వెలుపలికి పోతుంది. మనం ప్రతిదినం కొత్తగా స్వీకరిస్తున్నందుననే అవి ఎల్లప్పుడూ మనలో కనిపిస్తున్నాయి. కారుతున్న తొట్టిలో నీరు ఎప్పుడూ నిండుగా ఉన్నదంటే పైనుంచి కుళాయి తెరిచే ఉన్నదని అర్థం. కుళాయి కట్టితే తొట్టి దానంతట అదే ఖాళీ అవుతుంది.

ఇది కేవలం ఊహ కాదు. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి చెందిన ఐదు కుటుంబాలవారు, మొత్తం ఇరవైమంది, మూడు రోజులపాటు ప్లాస్టిక్కు తగలని, డబ్బాలలో నిల్వచేయని తాజా ఆహారాన్ని మాత్రమే భుజించారు. ఆ మూడు రోజులలోనే వారి మూత్రంలో బిస్ఫినాల్-ఎ సగటున 66 శాతం తగ్గింది. ఆహారం ద్వారా వచ్చే ప్రధానమైన థాలేటు జాడలు కూడా సగానికిపైగా తగ్గాయి. పాత అలవాటుకు మరలగానే అవి తిరిగి పెరిగాయి.

మరొక పరిశోధన మీ వయస్సువారికి ప్రత్యేకంగా ఉత్సాహాన్ని కలిగించేది. కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో లాటిన్ అమెరికా మూలాలున్న వందమంది బాలికలు, పద్నాలుగు నుంచి పద్దెనిమిది సంవత్సరాలవారు, మూడు రోజులు తమ సౌందర్య సాధనాలను మార్చుకొన్నారు. థాలేట్లు, పారాబెన్లు లేవని పేర్కొన్న సబ్బులను, లేపనాలను వాడారు. సువాసన ద్రవ్యాలలో వాడే థాలేటు జాడ 27 శాతం, రెండు రకాల పారాబెన్లు దాదాపు 45 శాతం తగ్గాయి. 2016లో ప్రచురితమైన ఈ పరిశోధన నిర్వహణలో అక్కడి ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో కలిసి పనిచేశారు. తమ దేహానికి సంబంధించిన ప్రశ్నకు తామే సమాధానం వెదికారు.

ఈ అనుభవాలను మన ఇంటికి అన్వయించుకొందాం. ప్లాస్టిక్కును వేడి, నూనె, పులుపులకు దూరంగా ఉంచడం మొదటి సూత్రం. కర్రీ పాయింటుకు, టీ దుకాణానికి వెళ్ళేటప్పుడు స్టీలు గిన్నెను, ఫ్లాస్కును వెంట తీసుకొని వెళ్ళడం మన పెద్దలకు తెలిసిన అలవాటే. దానిని పునరుద్ధరిస్తే చాలు. కళాశాలకు స్టీలు క్యారియరులో భోజనాన్ని, స్టీలు సీసాలో నీటిని తీసుకొనిపోవచ్చు. మైక్రోవేవ్‌లో ఆహారాన్ని వేడిచేసేవారు గాజు లేక పింగాణీ పాత్రను వాడాలి. ఆవకాయ వంటి ఊరగాయలలో నూనె, పులుపు, ఉప్పు మూడూ కలిసి ఏడాదిపాటు నిల్వ ఉంటాయి. అందుచేత వాటిని జాడీలోనో గాజు సీసాలోనో ఉంచడం ఆచారమే కాదు, శాస్త్రసమ్మతం కూడా. నీటికి మట్టి కూజా, స్టీలు బిందె ఉత్తమం. ఇరవై లీటర్ల డబ్బాలలో నీరు కొనక తప్పనివారు ఆ డబ్బాను ఎండలో ఉంచకూడదు. గీతలు పడి మసకబారిన దానిని తిరస్కరించాలి. వంటింట్లో ప్లాస్టిక్ పలక బదులు చెక్కమీద కూరలు తరగవచ్చు.

ప్రత్యామ్నాయాల విషయంలో కూడా వివేకం అవసరం. విందులలో అరిటాకు, అడ్డాకు లేక మోదుగాకు విస్తరి మేలైనవి. కానీ విస్తరికి అడుగున ప్లాస్టిక్ పొర అతికిస్తే ప్రయోజనం శూన్యం. ప్లాస్టిక్ సంచికి బదులుగా బజ్జీలను వార్తాపత్రికలో చుట్టడం పెనంమీదినుంచి పొయ్యిలో పడినట్లే. ముద్రణ సిరా ఆహారంలో కలుస్తుంది. ఆహారాన్ని వార్తాపత్రికలలో చుట్టడాన్ని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నాటి నిబంధనలలో నిషేధించింది. కళాయి పూయని రాగి, ఇత్తడి పాత్రలలో చింతపండు పులుసు, మజ్జిగ ఉంచితే లోహం కరిగి కీడు చేస్తుంది. పొయ్యి రాజేయడానికి ప్లాస్టిక్ సంచులను కాల్చడం అన్నిటికంటె ప్రమాదకరం, పి.వి.సి. వంటివి మండినప్పుడు డయాక్సిన్లనే తీవ్రమైన విషాలు వెలువడతాయి.

ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రిభుజంలో ఒకటి నుంచి ఏడు వరకు అంకెలలో ఒకటి ఉంటుంది. అది వస్తువు ఏ జాతి ప్లాస్టిక్కో తెలియజేసే గుర్తు మాత్రమే. ఆరోగ్యానికి హామీపత్రం కాదు. మూడవ అంకె పి.వి.సి.ని, ఆరవ అంకె పాలిస్టైరీన్‌ను సూచిస్తుంది. ఏడవ అంకె ఇతర రకాలన్నిటికీ వర్తిస్తుంది. పాలికార్బనేట్ అందులో ఒకటి. ఆహారం విషయంలో ఈ మూడింటిపట్ల ఎక్కువ జాగ్రత్త వహించాలి. "బిస్ఫినాల్-ఎ లేదు" అన్న ప్రకటనను కూడా పరిశీలనతో స్వీకరించాలి. దానికి బదులుగా చాలాచోట్ల బిస్ఫినాల్-ఎస్ వంటి సోదర రసాయనాలు వాడుకలోనికి వచ్చాయి. పెట్రీషియా హంట్ ప్రయోగశాలలో ఇరవై ఏళ్ళ తరువాత మరల ఎలుకల బోనులే వింత ఫలితాలకు కారణమయ్యాయి. ఈసారి దోషి బిస్ఫినాల్-ఎస్ అని ఆమె బృందం 2018లో వెల్లడించింది. పేరు మారినంత మాత్రాన గుణం మారదు.

వ్యక్తి ఎంత జాగ్రత్త వహించినా కొన్ని మార్గాలు అతని చేతిలో ఉండవు. అక్కడ చట్టం పూనుకోవాలి. యూరప్ దేశాలు 2011లో, అమెరికా 2012లో పసిపిల్లల పాలసీసాలలో బిస్ఫినాల్-ఎ వాడకాన్ని తొలగించాయి. మనదేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2015లో పాలసీసాల ప్రమాణాన్ని ఆ దిశగానే సవరించింది. ఆహారం తగిలే వస్తువులలో బిస్ఫినాల్-ఎను నిషేధిస్తూ యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరులో నిబంధన చేసి, పరిశ్రమలకు గడువులు విధించింది. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళాలు, కప్పులు, గ్లాసులు, చెంచాలు మనదేశంలో 2022 జూలై 1 నుంచి నిషిద్ధాలు. చట్టం కాగితంమీద ఉంటే చాలదు. కొనుగోలుదారు తన గిన్నెను తాను తెచ్చుకొన్ననాడే అది బజారులో అమలవుతుంది. చిన్న దుకాణదారు కూడా గిరాకీని అనుసరించే నడుస్తాడు. అతనిని నిందించడంకంటె మనం సంచి వద్దని చెప్పడం సులభం.

తెలుగులో 'పాత్ర' అన్న మాటకు గిన్నె అనీ, నిర్వహించవలసిన భూమిక అనీ రెండు అర్థాలున్నాయి. ఈ విషయంలో ఆ రెండర్థాలూ కలిసివస్తున్నాయి. మనం ఏ పాత్రలో వండుకొంటున్నాం, ఏ పాత్రలో తింటున్నాం అన్నదానిపైననే ఆరోగ్య పరిరక్షణలో మన పాత్ర ఆధారపడి ఉన్నది. మూడు రోజుల మార్పుకే దేహం స్పందిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఇంటిలో ఒక తల్లి, ఒక చెల్లి, రేపు జన్మించబోయే ఒక శిశువు ఆ మార్పు ఫలాన్ని అనుభవిస్తారు. నిత్యోపయోగ వస్తువుల ఎంపికలో విద్యార్థులు చూపే వివేకం వారి కుటుంబానికంతటికీ రక్ష.

అర్థాలు

విచక్షణ = మంచిచెడులను వేరుచేసి తెలిసికొనే శక్తి
పారదర్శకం = అవతలి వస్తువు కనిపించేది
వినాళ గ్రంథులు = నాళాలు లేకుండా నేరుగా రక్తంలోనికి స్రవించే గ్రంథులు
కార్యకారణ భావం = ఒకటి మరొకదానికి కారణమయ్యే సంబంధం
ప్రత్యామ్నాయం = ఒకదానికి బదులుగా వాడదగినది
భూమిక = నిర్వహించే బాధ్యత, వేషం

వ్యాకరణాంశాలు

అత్యల్పం = అతి + అల్పం - యణాదేశ సంధి
పరిశోధనాలయం = పరిశోధన + ఆలయం - సవర్ణదీర్ఘ సంధి
నిత్యోపయోగం = నిత్య + ఉపయోగం - గుణ సంధి
మట్టికుండ = మట్టితో చేసిన కుండ - తృతీయా తత్పురుష సమాసం
సూక్ష్మకణాలు = సూక్ష్మమైన కణాలు - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
బాలబాలికలు = బాలురును, బాలికలును - ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ప్లాస్టిక్కులోని రసాయనాలు ఆహారంలోనికి ఎలా చేరుతాయో, వాటిని తగ్గించుకొనే మార్గాలేవో వివరించండి.
2. ప్లాస్టిక్కు హానిని శాస్త్రజ్ఞులు గుర్తించిన క్రమాన్ని పాఠం ఆధారంగా తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. కారుతున్న తొట్టి ఉపమానంలోని అంతరార్థమేమిటి?
2. "పేరు మారినంత మాత్రాన గుణం మారదు" - ఈ వాక్యాన్ని సందర్భ సహితంగా వివరించండి.
3. ప్రత్యామ్నాయాలను ఎన్నుకొనడంలో పాటించవలసిన జాగ్రత్తలేవి?

ఇ) కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బేకలైట్‌ను రూపొందించినది ఎవరు?
2. ప్లాస్టిక్కునుంచి రసాయనాలు వెలువడడాన్ని త్వరపరచే నాలుగు కారణాలేవి?
3. కాగితపు కప్పు లోపల ఏ పొర ఉంటుంది?

ఈ) ప్రాజెక్టు పని
మీ ఇంట్లో ఆహారం తగిలే ప్లాస్టిక్ వస్తువుల పట్టికను తయారుచేయండి. ఒక్కొక్కదానికి ఎదురుగా అడుగున ఉన్న అంకెను, అందులో ఉంచే పదార్థాన్ని, వేడి, నూనె, పులుపులలో దానికి తగిలేవాటిని రాయండి. ముందుగా మార్చవలసిన మూడింటిని ఎన్నుకొని కారణాలు తెలపండి.